అట్టముక్క

పొద్దున బండి కింద అట్టముక్క లాగి చూస్తే
నడిమధ్య పచ్చటి చుక్క,
కుంకుడు గింజంత.

అట్ట చదవడం నేర్పింది డిపో చెంగల్రాయుడు.
ఘాటు బస్సుల కింద ముప్పయ్యేళ్లు
వెల్లకిలా పడుకున్న మనిషి.
"రాత్రి అట్ట పరిచి పడుకో, తెల్లారి చూడు.
పచ్చనిదైతే రేడియేటరు. నల్లనిదైతే ఇంజను.
వేళ్లకు జారుడుగా అంటి ఘాటుగా వాసనొస్తే బ్రేకు,
ఆ పొద్దు తాళమే తియ్యొద్దు.
ఉత్త నీళ్లయితే ఏసీది, పోనీ."
ఆరిన బీడీ చెవి సందున పెట్టుకుని
జాతకం చెప్పినట్టు చెప్పేవాడు.

గొట్టాన్ని ఇంజను చల్లగా ఉన్నప్పుడే పిసికి చూడమనేవాడు.
మెత్తబడితే ముసలిది,
బిర్రుగా ఉంటే ఇంకా ముసలిది.
వేడి మీద మూత తీస్తే ఏమవుతుందో
ఆయన నోటితో చెప్పలేదు.
ఎడమ ముంజేయి చూపించాడు.

నేను బస్సుల్లోకి పోలేదు.
తిరుపతి రైల్వే స్టేషను వెనక సందులో
ఒక లాడ్జి, ముప్పై రెండు గదులు, ముప్పై రెండు గీజర్లు.
తెల్లవారుజామున రెండున్నరకే లేచి
నడకదారి పట్టేవాళ్లకు వేణ్నీళ్లు నా పూచీ.

బోరు నీళ్లు ఉప్పన.
ఇడ్లీ చట్టి అడుగున చేరినట్టు
కాయిలు మీద తెల్లటి పెచ్చు.
ఏడాదికి రెండు మాట్లు విప్పి
నిమ్మ ఉప్పులో నానేసి గీకేవాణ్ని.
సేఫ్టీ వాల్వు పిడిని నెలకోసారి ఎత్తి దించేవాణ్ని.
అది ఇరుక్కుంటే
గోడకు వేలాడేది గీజరు కాదబ్బా, బాంబు.
లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటుంటుంది,
తొట్టిని తినాల్సిన తుప్పు ముందు దాన్ని తింటుంది.
బొటనవేలంత లావుది
దబ్బనమంత అయ్యిందాకా ఉంచకూడదు.
తల మీద పోసుకునే వాళ్లెవరికీ
దాని పేరు కూడా తెలీదు.

ఓనరు ధనశేఖర్ ఒకనాడు లెక్కల పుస్తకం తిప్పి
"మునిరాజా, రెండేళ్లలో ఒక్క గీజరూ చెడలేదే.
మరి నెలనెలా నీకెందుకు ఇస్తున్నట్టు?" అన్నాడు.

జవాబు రాలేదు నాకు.
జరగకుండా ఆగిపోయినదాన్ని యాడని చూపించేది?
పగలని పైపును ఫోటో తీస్తే
అది ఉత్త పైపే కదా.

వచ్చేశాను.
నిజం చెప్పొద్దా, ఎదురుచూశాను.
ఒక వారం. ఒక నెల. వానలన్నీ అయిపోయినాయి.
ఏమీ కాలేదు.
నేను బిగించిన నట్లన్నీ
ఆయన పక్కన నిలబడి
నా మీదే సాక్ష్యం చెప్పినాయి.

పదమూడో నెల, ధనుర్మాసం చలి.
రాత్రి మూడింటికి ఫోను.
రెండో అంతస్తు నుంచి మెట్ల మీద నీళ్లంట,
విజయనగరం ముసలమ్మ జారి పడిందంట.
"చెయ్యి బెణికింది అంతే, దేవుడి దయ" అన్నాడు ధనశేఖర్.
నేనేమీ అనలేదు.
సంచిలో టేపు, రెంచి వేసుకుని పోయాను.

రెండు వందల ఏడో నంబరు విప్పితే
కడ్డీ ఉండాల్సిన చోట తీగ, దాని చుట్టూ బురద.
తొట్టి అడుగున జల్లెడ.
ఏడాది పొడుగునా మనసులో అప్పజెప్పుకున్న మాటలు
ఒక్కటీ బయటికి రాలేదు.
ముసలమ్మ చేతికి తువ్వాలు చుట్టుకుని
గడపలో నిలబడింది:
"చన్నీళ్లయినా సరే బాబూ, టైమైపోతంది."

ఈ పొద్దు పచ్చ చుక్క దగ్గరికి పోయి
గొట్టం పిసికాను, బాగానే ఉంది.
క్లాంపు అర తిప్పు. అంతే.
చేతులు కడుక్కోను వంటింట్లోకి పోతే
కొళాయి కింద చెంబు, సగం నిండి.
"ఆర్నెల్లుగా కారతా ఉంది" అంది చంద్రకళ,
నా వైపు చూడకుండానే.
"ఊరంతటి చుక్కలూ నీకే వినపడతాయి."

జేబులో చెయ్యి పెట్టాను.
రెండు రూపాయల వాషరు,
ఎప్పట్నుంచో అక్కడే ఉంది.